20 పౌండ్లు, ఒక స్వచ్ఛంద సంతకం

అమెరికా ప్రభుత్వం 2025 మేలో, అనుమతి లేకుండా ఉంటున్నవారు తమంతట తామే వెళ్లిపోతే ప్రయాణ ఖర్చుతో పాటు 1,000 డాలర్లు ఇస్తామని ప్రకటించినప్పుడు, పిల్లలను అక్కడికి పంపిన మియాపూర్, కూకట్‌పల్లి కుటుంబాలకు అది కొత్త పద్ధతిగా తోచి ఉండవచ్చు గానీ, ఇటువంటి పథకాన్నే దగ్గరుండి పర్యవేక్షించవలసి వచ్చిన తెలుగు న్యాయవాది ఒకరు దాదాపు శతాబ్దం కిందటే ఉన్నారు.

ఆయన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఏలూరులో వకీలుగా పేరు తెచ్చుకుని, జస్టిస్ పార్టీలో చేరి, మద్రాసు ప్రెసిడెన్సీలో మంత్రిగా పనిచేసిన ఆయనను భారత ప్రభుత్వం 1929లో దక్షిణాఫ్రికాకు ఏజెంటుగా పంపింది. ఏజెంటు అంటే నేటి హైకమిషనర్‌కు పూర్వరూపం. అక్కడి భారతీయుల పక్షాన మాట్లాడగలడే తప్ప చట్టాన్ని ఆపగల అధికారం అతనికి లేదు.

1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు, తమిళ కూలీల సంతతిని తగ్గించుకోవాలని అక్కడి శ్వేతజాతి ప్రభుత్వం పట్టుబట్టగా, 1927లో ఆ ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ మధ్య కేప్‌టౌన్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం భారతదేశానికి వెళ్లిపోయే పెద్దలకు ఉచిత ప్రయాణం, 20 పౌండ్లు. 16 ఏళ్లలోపు పిల్లలకు 10 పౌండ్లు. అసలు మెలిక మరొక నిబంధనలో ఉంది: వెళ్లినవారు మూడేళ్లలోగా, అదీ మొదటి ఏడాది గడిచాక, పుచ్చుకున్న సొమ్ము తిరిగి కట్టి వెనక్కి రాకపోతే స్థిర నివాస హక్కు, అంటే ఆ దేశంలో శాశ్వతంగా ఉండే చట్టబద్ధమైన హక్కు, రద్దయిపోతుంది. పేద కూలీ ఆ సొమ్మును ఏనాటికి కూడబెట్టగలడు? పైగా తెల్ల కార్మికులకు చోటు కల్పించడానికి భారతీయులను కొలువుల నుంచి తప్పిస్తున్న రోజుల్లో, ఆకలికి తాళలేక పెట్టిన సంతకాన్ని స్వచ్ఛందమనడం న్యాయం కాదు. తిరిగివచ్చినవారిలో అనేకులు కలకత్తాలోని మటియాబుర్జ్‌లో దిక్కులేక పడి ఉన్న సంగతిని, ప్రవాస భారతీయుల కోసం పనిచేసిన బనారసీదాస్ చతుర్వేది, భవానీ దయాళ్ సన్యాసి 1931లో నివేదికగా వెలువరించారు.

1932 జనవరిలో కేప్‌టౌన్‌లో మళ్లీ చర్చలు జరిగినప్పుడు, భారత ప్రతినిధి బృందంలో వెంకటరెడ్డి నాయుడితో పాటు హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడు కూడా ఉన్నారు. అక్కడి భారతీయుల్లో 80 శాతం ఆ గడ్డ మీదే పుట్టినవారనీ, అందువల్ల ఈ పథకానికి ఇక దాదాపు కాలం చెల్లిందనీ రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. అయినా పంపివేయాలన్న ఆలోచన మాత్రం వీడలేదు. వారిని వేరొక దేశంలో స్థిరపరచే అవకాశాలు వెతకాలని నిర్ణయించడంతో, పుట్టిన నేలను విడిచేది లేదంటూ అక్కడి భారతీయులు 1933లో ప్రత్యేక సంఘమే పెట్టుకున్నారు.