గోదావరి గాలి - కెమేరా ఆరోగ్యం

శ్రావణ భాద్రపదాలలో కోనసీమ ఇండ్లలో కొన్ని మార్పులు కనిపిస్తాయి. జాడీలోని ఉప్పు చెమ్మగిల్లి ముద్ద అవుతుంది. ఎండబెట్టి దాచిన అప్పడాలు మెత్తబడతాయి. మూలనున్న తోలుచెప్పుల మీద తెల్లని బూజు పరచుకుంటుంది. ఇవి అందరికీ తెలిసినవే. ఎండ కాయగానే ఉప్పును ఆరబెడతారు, చెప్పులను తుడుస్తారు. కాని అదే ఇంటిలో, బీరువాలో బట్టల మధ్య భద్రంగా దాచిన కెమేరా సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. కొన్నేళ్ళ తరువాత దానిని బయటికి తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే, కటకం లోపల సాలెగూడు వంటి సన్నని దారాలు కనిపిస్తాయి. చెప్పులకు పట్టిన బూజే గాజుకూ పట్టినది!

గాజులో బూజుకు ఆహారమేమున్నది? అది అక్కడ ఎట్లా బ్రతుకుతున్నది? తాతగారి కెమేరాను బాగుచేసి మళ్ళీ ఫోటోలు తీయాలని ఉబలాటపడే ఔత్సాహికుడు మొదట తెలుసుకోవలసిన విషయమిది. పాత కెమేరాలను బాగుచేసే పనివారు అరుదైపోతున్న ఈ రోజులలో అతడు తానే స్క్రూడ్రైవరు పట్టుకోవలసి వస్తుంది. మరను విప్పడం తేలిక. ఎందుకు విప్పుతున్నామో తెలిసి విప్పడమే కష్టం.

కెమేరాలోని మూడు భాగాలు

ఎంత ఖరీదైన కెమేరా అయినా అందులో ముఖ్యమైనవి మూడే. కాంతిని ఒకచోట చేర్చే కటకం ఒకటి. ఆ కాంతిని కొంతసేపు మాత్రమే లోపలికి వదిలే షట్టరు రెండవది. తక్కిన వెలుతురును లోపలికి రానీయని చీకటి పెట్టె మూడవది.

బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ సంస్థ తయారుచేసిన ఆగ్ఫా క్లిక్-3 కెమేరా ఒకప్పుడు మన దేశంలో ఎన్నో మధ్యతరగతి ఇండ్లలో ఉండేది. 120 రకం ఫిల్ము చుట్టను అందులో వేస్తే 12 చదరపు బొమ్మలు వచ్చేవి. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు తప్ప అందులో దిద్దుకోవలసిన సరంజామా ఎక్కువ లేదు. అయినా పైన చెప్పిన మూడు భాగాలూ అందులో ఉన్నాయి. కెమేరాకు వచ్చే జబ్బులలో చాలావరకు ఈ మూడింటికి వచ్చేవే. గోదావరి, కృష్ణా డెల్టాల వంటి చోట్ల ఆ జబ్బులలో ఎక్కువ భాగానికి మూలం గాలిలోని తేమ.

కటకానికి బూజు

30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. అందులో వాస్తవంగా 21 గ్రాములే ఉన్నవనుకుందాం. అప్పుడు ఆ గాలి సాపేక్ష ఆర్ద్రత 70 శాతం అంటారు. వర్షకాలంలో కాలువలు, వరిచేలు, సముద్రం చుట్టూ ఉన్న డెల్టాలో ఆర్ద్రత తరచుగా ఈ హద్దును దాటుతుంది.

బూజు ఒక శిలీంధ్రం. దాని సిద్ధబీజాలు కంటికి కనిపించనంత చిన్నవి, ఎల్లప్పుడూ గాలిలో తేలుతూనే ఉంటాయి. కెమేరా లోపలికి అవి చేరకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే ఆర్ద్రత 60 శాతానికి లోపల ఉన్నంతవరకు అవి సాధారణంగా మొలకెత్తవు. 70 శాతం దాటి చాలా రోజులు అట్లాగే నిలిచితే మొలకెత్తి దారాలు చాస్తాయి. వాటికి కావలసిన ఆహారం గాజు కాదు. గాజు మీది వ్రేలిముద్రల జిడ్డు, దుమ్ము, షట్టరు నుండి వచ్చే నూనె ఆవిరి, ఇవే వాటి భోజనం. చీకటి, కదలని గాలి, తేమ, జిడ్డు: ఈ నాలుగూ కలిసిన బీరువా బూజుకు చక్కని పొలం.

పెరిగే బూజు ఆమ్లాలను స్రవిస్తుంది. అసలు నష్టం వీటివల్లనే. పూత లేని గాజు తలం తన మీద పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనుకకు పంపివేస్తుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికి కటకాల మీద మాగ్నీషియం ఫ్లోరైడు వంటి పదార్థాలతో అతి పల్చని పూత పూస్తారు. బూజు ఆమ్లాలు మొదట ఈ పూతను, తరువాత గాజునే కొరికివేస్తాయి. తొలిదశలో చూచుకుంటే బూజును తుడిచివేయవచ్చును. ముదిరిన తరువాత దారాలు పోయినా వాటి జాడ గాజు మీద చెక్కినట్లు మిగిలిపోతుంది. ఇక ఏ మందూ దానిని మాన్పదు. అటువంటి కటకంతో తీసిన బొమ్మలో తెల్లని భాగాలు చెదరి, నల్లని భాగాలు బూడిదరంగుకు తిరుగుతాయి.

పై తలాన్ని శుభ్రం చేసేటప్పుడు ముందు రబ్బరు బుడ్డితో ధూళిని ఊదివేయాలి. ధూళి ఉండగా రుద్దితే ఇసుకకాగితంతో రుద్దినట్లే. పిదప కటకాలు తుడిచే గుడ్డను రెండు మూడు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి, మధ్య నుండి అంచు వైపు సుడులుగా మెల్లగా తుడవాలి. ప్లాస్టిక్ కటకాలకు ఆల్కహాలు తగలరాదు, వాటిలో సన్నని బీటలు పడవచ్చును. ఎండలో పెడితే బూజు చచ్చునని కొందరంటారు. చావవచ్చును గాని మచ్చ పోదు. పైగా సూర్యునికి ఎదురుగా పెట్టిన కటకం భూతద్దంవలె పనిచేసి లోపలి భాగాలను కాల్చగలదు.

చల్లని గది నుండి బయటికి

తేమ మరొక రూపంలోనూ ఔత్సాహికుని ఏడిపిస్తుంది. అమలాపురంలో ఒక పెండ్లికి ఫోటోలు తీయడానికి వచ్చిన యువకుడు ఏ.సి. గదిలో నుండి పందిరిలోకి రాగానే కటకం మీద తెల్లని పొర కమ్ముతుంది. దీనికి లెక్క ఉన్నది. బయట 30 డిగ్రీల వేడిమి, 80 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల ఆవిరి ఉంటుంది. ఆ గాలిని సుమారు 26 డిగ్రీలకు చల్లార్చితే అంతకు మించి ఆవిరిని ఇముడ్చుకొనలేదు. అదే దాని తుషార బిందువు. గదిలో 22 డిగ్రీల దగ్గర చల్లబడిన కటకాన్ని తాకిన గాలి ఈ హద్దుకు దిగువకు పోతుంది, ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. చల్లని కూజా బయట చెమర్చడానికీ కారణం ఇదే.

ఇటువంటప్పుడు తుడిచి లాభం లేదు, మళ్ళీ కమ్ముతుంది. కెమేరాను మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి బయటికి తేవాలి. నీరు సంచి మీద చేరుతుంది గాని కటకం మీద చేరదు. అరగంట సేపట్లో కెమేరా బయటి వేడిమికి వస్తుంది.

షట్టరును కొలిచే విధం

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. దానిని ఫోటో తీయడానికి మేజర్ టెన్నెంట్ నాయకత్వాన ఒక బృందం అక్కడికి వచ్చింది. వారు వాడినవి తడి కొలోడియన్ పలకలు. పలకను అప్పటికప్పుడు సిద్ధం చేసి, తడి ఆరకముందే కాంతి తగిలించి, తడి ఆరకముందే రసాయనాలలో కడగాలి. ఆ కాలపు ఛాయాగ్రాహకుడు తానే రసాయనికుడు, తానే యంత్రజ్ఞుడు. పలకల సున్నితత్వం తక్కువ కాబట్టి కాంతిని లెక్కపెట్టుకొని చేతితోనే మూత తెరిచి మూయడం అప్పటి వాడుక. తరువాత ఫిల్ములు సున్నితమైనకొద్దీ సెకనులో ఇరవైయైదవ వంతు, వందవ వంతు కాలం కొలవవలసి వచ్చింది. అది చేతికి సాధ్యం కాదు గనుక షట్టరు వచ్చింది.

చాలా పాత కెమేరాల షట్టరులో పల్చని ఉక్కు రేకులు ఉంటాయి. స్ప్రింగు వాటిని తెరిచి మూస్తుంది. తేమకు తుప్పు, ఏళ్ళ తరబడి కదలకపోవడంవల్ల గట్టిపడిన నూనె రేకులను పట్టివేస్తాయి. అప్పుడు కొత్తవారు చేసే పొరపాటు ఒకటున్నది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తారు. నూనె రేకుల మధ్యకు పాకి వాటిని ఒకదానికొకటి అంటిస్తుంది, జబ్బు ముదురుతుంది. రేకులు ఎప్పుడూ పొడిగానే ఉండాలి.

షట్టరు నిదానించినదో లేదో విప్పకుండానే తెలుసుకొనవచ్చును. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే గ్రామఫోను పళ్ళెం మీద నల్లని కాగితం అంటించి, అంచు దగ్గర ఒక తెల్లని చుక్క పెట్టాలి. పళ్ళెం నిమిషానికి 12,000 డిగ్రీలు, అనగా సెకనుకు 200 డిగ్రీలు తిరుగుతుంది. కెమేరాను నిట్టనిలువుగా పైనుంచి, షట్టరు 1/25 సెకను గుర్తు వద్ద పెట్టి బొమ్మ తీయాలి. షట్టరు సరిగా ఉంటే చుక్క 8 డిగ్రీల చాపంగా పడుతుంది. చాపం 16 డిగ్రీలు ఉంటే షట్టరు రెట్టింపు సేపు తెరుచుకొని ఉన్నదన్నమాట.

ఫిల్ము ఖర్చు లేకుండా మరొక మార్గం ఉన్నది. ఫిల్ము లేని కెమేరా వెనుక తలుపు తెరిచి, కటకాన్ని వెలుతురు వైపు త్రిప్పి, షట్టరు నొక్కుతూ సెకనుకు 240 దృశ్యాలు తీసే మొబైల్ ఫోనుతో వెనుకనుండి చిత్రించాలి. 1/25 సెకను షట్టరు 9 లేక 10 దృశ్యాలలో తెరుచుకొని కనిపించాలి.

తప్పు ఎంతో తెలిసిన తరువాత విప్పనక్కరలేదు. రంధ్రం గుర్తులు 5.6, 8, 11, 16 అని ఉంటాయి. ఒక గుర్తు నుండి పై గుర్తుకు పోతే రంధ్రం వైశాల్యం సగమవుతుంది. షట్టరు రెట్టింపు సేపు తెరుచుకుంటే 8 కి బదులు 11 పెడితే సరి. కొలత తెలిస్తే సగం మరమ్మతు అయినట్లే.

చీకటి పెట్టెకు చిల్లులు

ముడిచే కెమేరాలలో కొలిమితిత్తివంటి తోలు లేక గుడ్డ మడతలుంటాయి. మడతల మూలలు ఏళ్ళ తరబడి నలిగి సూదిబెజ్జాలు పడతాయి. ప్రతి బొమ్మలోనూ ఒకేచోట తెల్లని మరక వస్తుంటే ఈ అనుమానం కలగాలి. చీకటి గదిలో తిత్తిలోపల చిన్న బల్బు పెట్టి చూస్తే చిల్లులు నక్షత్రాలవలె మెరుస్తాయి. నల్లని మెత్తని గుడ్డముక్కను అంటించి వాటిని మూయవచ్చును. తలుపు అంచులలో స్పంజి పట్టీలు ఉన్న కెమేరాలలో ఆ స్పంజి వేడికి, తేమకు కరిగి తారువలె జిగటగా మారుతుంది. దానిని గీకివేసి కొత్త పట్టీ వేయాలి.

చేయి పెట్టరాని చోటు

ఫ్లాషు దీపం కెమేరాలోనే అమర్చి ఉంటే దానిని విద్యార్థులు ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. ఒకటిన్నర వోల్టుల చిన్న బాటరీయే కదా అనుకోవడం ప్రమాదకరం. లోపలి వలయం ఆ వోల్టేజిని సుమారు 300 వోల్టులకు పెంచి కెపాసిటరులో నిలువచేస్తుంది. బాటరీ తీసివేసిన తరువాత కూడా ఆ విద్యుత్తు చాలాసేపు అక్కడే ఉంటుంది. తగిలితే తీవ్రమైన షాకు కొడుతుంది. ఆ పని తెలిసిన వారికే విడిచిపెట్టాలి.

నెగెటివుల మాట

కెమేరాకు బూజు పడితే మరొక కెమేరా కొనవచ్చును. నెగెటివులకు పడితే మరొక నెగెటివు దొరకదు. ఫిల్ము మీద వెండి కణాలను పట్టి ఉంచేది జెలటిన్ పొర. జెలటిన్ జంతుసంబంధమైన మాంసకృత్తు, బూజుకు ఇది జిడ్డుకంటె ఇష్టమైన ఆహారం. బూజు తిన్న జెలటిన్ నీటిలో కరిగే గుణం పొందుతుంది. అందుచేత బూజు పట్టిన నెగెటివును నీటితో కడగరాదు. కడిగితే తాతగారి పెండ్లి బొమ్మ నీటితోపాటు కొట్టుకుపోతుంది. పొడి గుడ్డతో మెల్లగా తుడిచి, వెంటనే స్కాను చేయించి ప్రతి తీసుకోవాలి. 1986 గోదావరి వరదల నాటి ఫోటోల నెగెటివులు ఏ ఇంటిలోనైనా మిగిలి ఉంటే అవి ఆ కుటుంబానికే కాదు, చరిత్రకు కూడా ఆధారాలు.

నివారణ

మందుకంటె పథ్యం మేలు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో కెమేరాను, సిలికా జెల్ పొట్లాలను, చిన్న ఆర్ద్రతామాపకాన్ని ఉంచాలి. ముల్లు 40, 50 శాతాల మధ్య ఉంటే చాలు. అంతకంటె బాగా తక్కువైతే తోలు ఎండి పగులుతుంది. తేమ పీల్చి పనిచేయడం మానిన సిలికా జెల్‌ను సుమారు 120 డిగ్రీల వద్ద వేడిచేస్తే మళ్ళీ పనిచేస్తుంది. బియ్యపు డబ్బాలో పెట్టే అలవాటు మంచిది కాదు, తవుడు, పిండి కటకానికి ధూళిగా చేరతాయి. తోలు ఉరలో పెట్టి దాచడం అంతకంటె చెడ్డది. తోలే బూజుకు ఆహారం.

పాఠశాలలో ఈ విషయాన్ని తేలికగా చూపవచ్చును. రెండు గాజు సీసాలలో ఒక్కొక్క పాత తోలుముక్కను, వ్రేలిముద్ర వేసిన అద్దపుముక్కను ఉంచాలి. ఒకదానిలో తడిగుడ్డ, రెండవదానిలో సిలికా జెల్ వేసి మూతలు బిగించాలి. మూడు నాలుగు వారాలపాటు మూత తీయకుండా బయటినుండే భూతద్దంతో చూస్తూ, ఏ రోజున ఏ సీసాలో ఏమి కనిపించినదో విద్యార్థులు వ్రాసుకోవాలి. ప్రయోగశాలలోని తడి-పొడి ఉష్ణమాపకాలతో ఆ రోజుల ఆర్ద్రతను కూడా పక్కన వ్రాస్తే ఇంకా మంచిది.

చివరికి, అన్నిటికంటె సులభమైన రక్షణ ఒకటున్నది. నెలకొకసారి కెమేరాను బయటికి తీసి, ధవళేశ్వరం ఆనకట్ట మీదనో, కాలువగట్టు మీదనో నాలుగు బొమ్మలు తీయాలి. రేకులు కదులుతాయి, కటకానికి గాలి, వెలుతురు తగులుతాయి, మొలకెత్తుతున్న బూజు ముదరకముందే కంటపడుతుంది.