సైకిలుకు వెనుక దీపము

రాత్రివేళ సైకిలు త్రొక్కువానికి ముందు దీపము త్రోవ చూపును. వెనుక దీపము అతనికి ఏమియు చూపదు. అతనిని ఇతరులకు చూపును. వెనుకనుండి వచ్చు లారీని అతడు చూడలేడు. తప్పించు భారమంతయు లారీ డ్రైవరుదే. కనుక డ్రైవరుకు సైకిలు సకాలములో కనబడవలెను.

సకాలమనగా ఎంత? గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. సైకిలును గుర్తించి బ్రేకుపై కాలు మోపుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, ఆలోగా 25 మీటర్లు గడచిపోవును. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినను కారు ఆగుటకు మరి 25 మీటర్లు కావలెను. బరువైన లారీకి, తడిసిన రోడ్డుకు ఇది చాలదు. అందుచే సైకిలు కనీసము 100 మీటర్ల నుండియైనను కనబడుట అవసరము.

మడ్‌గార్డుకు బిగించిన ఎఱ్ఱ రిఫ్లెక్టరు చాలునని కొందరి నమ్మకము. దానిలో మూడేసి తలములు ఒండొంటికి లంబముగా కలిసిన చిన్న మూలలు అనేకముగా ఉండును. వాటిపై పడిన కాంతి వచ్చిన దిక్కునకే మరలిపోవును. కాని వాహనపు వెలుగు దానిపై పడినప్పుడే అది పనిచేయును. మలుపులలోను, దుమ్ము పట్టినప్పుడును దాని ఉపయోగము తగ్గును. అది దీపమునకు తోడే గాని బదులు కాదు.

మరి దీపమును ఎట్లు ఎన్నుకొనవలెను? పెట్టెపై సాధారణముగా ల్యూమెన్లు వ్రాయుదురు. అవి దీపము అన్ని దిక్కులకు వెదజల్లు మొత్తము కాంతికి కొలత. ఒక నిర్ణీత దిక్కునకు పోవు కాంతి తీవ్రతకు కొలత కాండెలా. డ్రైవరు కంటికి కావలసినది ఈ రెండవదే. దూరము రెట్టింపైనచో కంటికి చేరు వెలుగు నాల్గవ వంతగును. అనగా 50 మీటర్ల వద్ద కనబడినంత స్పష్టముగా 100 మీటర్ల వద్ద కనబడుటకు నాలుగు రెట్లు తీవ్రత కావలెను. అయితే కాంతినంతటిని సన్నని ధారగా కూర్చినచో దీపము ప్రక్కనుండి కనబడదు. కనుక తీవ్రతతో పాటు వ్యాప్తియు ఉండవలెను.

పాత బల్బు తెల్లని కాంతిలో అధికభాగమును ఎఱ్ఱ గాజు మ్రింగివేయును. ఎఱ్ఱ ఎల్.ఇ.డి. ఎఱుపునే పుట్టించును గనుక స్వల్ప విద్యుత్తుతోనే ప్రకాశించును.

వెలుగు మితిమీరుటయు మంచిది కాదు. అది వెనుక వచ్చువారి కన్నులను మిరుమిట్లు గొలుపును. మినుకు దీపము త్వరగా దృష్టిని ఆకర్షించును గాని, దాని దూరమును అంచనా వేయుట కష్టము. జర్మనీ సైకిళ్లకు దానిని నిషేధించినది. బ్రిటను 2005లో అనుమతించుచు, నిమిషమునకు 60 మొదలు 240 మినుకులు, కనీసము 4 కాండెలాల తీవ్రత ఉండవలెనని నియమించినది. ఒకే దీపమున్నచో నిలుకడగా వెలుగునదే మేలు.

విద్యార్థులు ఒక పరీక్ష చేయవచ్చును. చీకటి పడిన పిమ్మట పాఠశాల మైదానములో సైకిలును నిలిపి, దీపము వెలిగించి, 150 అంగలు వెనుకకు నడచి చూడవలెను. తరువాత ప్రక్కలకు జరిగి చూడవలెను. దీపము నేలవైపు వంగియున్నను, కారియరుపై పుస్తకాల సంచి అడ్డువచ్చినను అప్పుడే తెలియును. ఆ లోపము రోడ్డుపై గాక మైదానములో బయటపడుటయే క్షేమము.