షేర్వానీ కుట్టిన చేతులు

దుస్తులు మానవునికి అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. అవి ఒంటిని కప్పుతాయి, అందాన్ని ఇస్తాయి. వాటన్నిటికంటే భయభక్తుల దుస్తులే మేలైనవని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తున్నది. అయితే బట్టను కొలిచి, కత్తిరించి, మన ఒంటికి తగినట్లు కుట్టి ఇచ్చే దర్జీని గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా? సూదితో బట్ట కుట్టిన తొలి వ్యక్తి హజ్రత్ ఇద్రీస్ (అలైహిస్సలాం) అని మన పెద్దలు రాశారు. ఉత్తర భారతంలో దర్జీ వృత్తివారు తమను ఇద్రీసీలమని చెప్పుకోవడం అందుకే. ఇంతటి గౌరవం ఉన్న వృత్తి ఇది.

షేర్వానీ వచ్చిన దారి

గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడి కింద ఉండిన సంస్థానాలు. నాగర్‌కర్నూలుతో పాటు ఈ ప్రాంతాలన్నీ 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు పేరు వచ్చింది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వల్ల. ఆయన ఒకసారి తొడిగిన దుస్తులు మళ్లీ తొడిగేవారు కాదని చెప్పుకుంటారు. హైదరాబాద్ పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం చేయించిన రెండంతస్తుల కొయ్య అల్మారాల వరుస ఇప్పటికీ ఉన్నది. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు పొందినా, పాత షేర్వానీ, నలిగిన టోపీతోనే కాలం గడిపారు. తండ్రీ కొడుకుల అలవాట్లు వేరైనా తొడిగింది ఒకే రకం దుస్తు.

షేర్వానీ 19వ శతాబ్దంలో ఉత్తర భారతంలో రూపుదిద్దుకున్నది. మన పాత అంగరఖాకు, ఐరోపావారి పొడుగు కోటుకు నడుమ పుట్టిన దుస్తు అది. సాలార్ జంగ్ కాలం నుంచి ఉత్తరాది నుంచి ఉద్యోగులు హైదరాబాద్‌కు రాసాగారు. వారితో పాటు అలీగఢ్ పద్ధతులూ వచ్చాయి. దర్బారుకు వెళ్లాలంటే తలపై దస్తార్, నడుముకు బగ్లూస్ తప్పనిసరి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల దుస్తు షేర్వానీయే. హిందువులైనా ముస్లిములైనా ఆనాటి రాజ్యంలో చదువుకున్నవారు, ఉద్యోగస్తులు షేర్వానీ తొడిగేవారు. ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఛాయాచిత్రాలే ఇందుకు సాక్ష్యం. అది ఒక మతం దుస్తు కాదు, ఒక రాజ్యపు మర్యాద. 1948 తర్వాత క్రమంగా ప్యాంటు, చొక్కా దాని స్థానాన్ని ఆక్రమించాయి. నిత్యం తొడిగే షేర్వానీ చివరికి నికాహ్ నాటి దుస్తుగా మిగిలిపోయింది.

పట్టు, నూలు

పురుషులకు పట్టు నిషిద్ధమని, స్త్రీలకు అనుమతి ఉందని ప్రవక్త మహనీయులు (సల్లం) సెలవిచ్చారు. అంచులో నాలుగు వేళ్ల వెడల్పు వరకు మాత్రం పురుషులకూ మినహాయింపు ఉంది. ఈ హద్దుకు లోబడే మన నేతగాళ్లు కొత్త బట్టలు సృష్టించారు. ‘మష్రూ’ అనే మాటకు షరీఅత్ అనుమతించినది అని అర్థం. దానిలో పైకి పట్టు నిగనిగలాడుతుంది, ఒంటికి మాత్రం నూలు తగులుతుంది. ఆనాడు నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాద్‌లో నేసే హిమ్రూ కూడా నూలు, పట్టు కలిసిన బట్టే. హైదరాబాద్ షేర్వానీలకు హిమ్రూ పెట్టింది పేరు.

మన గద్వాల చీర కూడా ఇలాంటి కలయికే. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగును పట్టు పోగుతో కలిపే ఆ నేర్పుకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. గద్వాల పేరు చీరతో లోకమంతా తెలిసింది. కానీ మన ఊళ్లలో మగవారి బట్టలు కుట్టిన దర్జీల పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

నేడు పెళ్లి షేర్వానీలు ఎక్కువగా పాలిస్టర్‌తో, ఆర్ట్ సిల్క్‌తో తయారవుతున్నాయి. కృత్రిమ దారానికి ఈ నిషేధం వర్తించదని అధిక సంఖ్యాక ఉలమాల అభిప్రాయం. అనుమానం ఉంటే ఒక పోగు తీసి కాల్చి చూడండి. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ముద్ద అవుతుంది.

సూదికి దక్కవలసినది

షేర్వానీ కుట్టడం సామాన్యమైన పని కాదు. గల్లా దగ్గర బుక్రం, లోపల అస్తర్, ముందు కచ్చా కుట్టు వేసి ఒంటిపై చూడడం, ఆ తర్వాత చేత్తో కాజాలు. గల్లా కొంచెం తప్పితే ముందు భాగమంతా వేలాడుతుంది. ఈ నేర్పు బడిలో రాదు, ఉస్తాద్ పక్కన కూర్చుంటేనే వస్తుంది. ఇప్పుడు పెళ్లికొడుకులు ఒక్క రాత్రికి షేర్వానీని కిరాయికి తెచ్చుకుంటున్నారు. రోజువారీ బట్టలు రెడీమేడ్. ఇక దర్జీకి మిగులుతున్నది కొన్న ప్యాంటు కాళ్లు మడిచి కుట్టే పని. కొడుకును మిషన్ దగ్గర కూర్చోబెట్టే ధైర్యం తండ్రికి లేదు. ఉస్తాద్‌తోనే పని కూడా పోతుంది.

చెమట ఆరకముందే కూలివాని కూలి చెల్లించమన్నది ప్రవక్త (సల్లం) ఆదేశం. రంజాన్ చివరి పది రోజులలో తరావీహ్ తర్వాత కూడా మిషన్ తొక్కే దర్జీకి మజూరీ ‘పండగ తర్వాత చూద్దాం’ అనేవారు ఈ ఆదేశాన్ని గుర్తు చేసుకోవాలి. రెడీమేడ్ దుకాణంలో అడిగిన ధర ఇచ్చే మనం, దర్జీ దగ్గర మాత్రం బేరం ఆడతాం. ఇది న్యాయమా?

దర్జీ సోదరులకూ ఒక బాధ్యత ఉంది. మనిషి నమ్మి ఇచ్చిన బట్ట అమానత్. మిగిలిన ముక్క యజమానిదే, అతడు వద్దంటే తప్ప. ఇస్తానన్న రోజు వాగ్దానమే. పండగ ముందు రోజు రాత్రి పిల్లవాణ్ణి వట్టి చేతులతో తిప్పి పంపడం వాగ్దాన భంగం. చేతికందేదానికంటే ఎక్కువ బట్ట ఒప్పుకోకపోవడమే మేలు.

రాబోయే ఈద్‌కు ఇంటిల్లిపాదికీ కాకపోయినా ఒక్కరికైనా మీ ఊరి దర్జీ దగ్గర ఒక జత కుట్టించండి. ఇంట్లో నికాహ్ ఉంటే కిరాయి షేర్వానీకి బదులు కొలతలిచ్చి కుట్టించండి. అది తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి పనికొస్తుంది. మజూరీ మాత్రం బట్ట చేతికి తీసుకున్న నాడే ఇవ్వండి. హలాల్ సంపాదనతో బతికే ఆ చేతులకు అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.