నలుగురమ్మాయిలు, ఒక రాత్రి, చివరి మెట్రో

మన క్లబ్ షార్ట్ ఫిల్మ్ కోసం ఒక కామెడీ కథ రాసుకెళ్ళాను. బౌద్ధనగర్ హాస్టల్లో ఉండే నలుగురమ్మాయిలు, పరీక్షలు అయిపోయిన రాత్రి సరదాగా హైటెక్ సిటీ వెళ్ళి తిరిగొస్తారు. అంతే కథ. సీనియర్ అన్న చదివి, "బానే ఉంది, ఇంతకీ విలన్ ఎవడు?" అన్నాడు.

"విలన్ లేడన్నా, కామెడీ."

"మరి వాళ్ళకి ఏమైతది?"

ఈ ప్రశ్న వారం రోజులు నన్ను వదల్లేదు. ‘ఈ నగరానికి ఏమైంది’ (2018) మనలో సగం మందికి కంఠతా వచ్చు. నలుగురు కుర్రాళ్ళు తాగి గోవాలో తేలతారు. అక్కడ విలన్ ఎవడని ఎవరూ అడగలేదు. ‘ది హ్యాంగోవర్’ (2009) సూత్రమూ అదే: రాత్రి ఒక తిక్క పని, పొద్దున దాని లెక్క. ఇవి పండాలంటే చూసేవాళ్ళకి ఒక భరోసా కావాలి, వీళ్ళు ఏం చేసినా ప్రాణం మీదికి రాదని. అది ఉంటేనే నవ్వొస్తుంది.

ఇప్పుడు చంద్రశేఖర్ యేలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) గుర్తు తెచ్చుకోండి. ఛార్మి ఒక పార్టీకి వెళ్తుంది, తర్వాత ఒక రోజంతా ఏమైందో గుర్తుండదు. ‘హ్యాంగోవర్’ కంటే నాలుగేళ్ళ ముందే దాదాపు అదే ముడి! కానీ ఆడపిల్ల కాబట్టి అది థ్రిల్లర్ అయింది. (సినిమా అదుర్స్, అది వేరే సంగతి.) నందినీ రెడ్డి ‘అలా మొదలైంది’ (2011)లో నిత్యా మీనన్ మందేసి వాగితే నవ్వుకున్నాం. పక్కన నాని ఉన్నాడుగా!

హిందీలో ‘వీరే ది వెడ్డింగ్’ కూడా 2018 జూన్‌లోనే వచ్చింది. నలుగురమ్మాయిలే, కానీ వాళ్ళు ఫుకెట్ వెళ్ళగలరు. మాకున్నది పదకొండు దాకా మెట్రో, ఆ తర్వాత ఆటో.

అందుకే భరోసా లేకపోవడం మీదే కామెడీ రాద్దామనుకున్నా. తార్నాకలో దిగి ఆటో ఎక్కగానే మేం చేసే పని ఒకటుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా గట్టిగా, "ఆ నాన్నా, వచ్చేశా, గేటు దగ్గరే నిలబడు" అంటాం. నాన్న ఖమ్మంలో గురకపెడుతుంటాడు. నా కథలో ఆ పిల్ల అలా మాట్లాడుతుండగానే చెవి దగ్గర ఫోన్ మోగుతుంది. నలుగురూ బిగుసుకుపోతారు. డ్రైవర్ అద్దంలో చూసి, "ఎత్తమ్మా, ఇది నిజం నాన్నేమో" అంటాడు.

ఆయనకీ ఇంట్లో ఆడపిల్లలున్నారు. ఇలాంటి ఉత్తుత్తి నాన్నలతో రోజూ మాట్లాడించే మనిషి.

ఈసారి అన్న నవ్వాడు. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. "మీరు నిజంగా అట్ల మాట్లాడతారా?" అన్నాడు.

షూటింగ్ డిసెంబర్‌లో. కథలో టైమ్ రాత్రి పదకొండున్నర. కానీ నటించే నలుగురి హాస్టల్ గేటూ తొమ్మిదిన్నరకే వేసేస్తారు. అందుకని తెల్లవారుజామున ఐదింటికి, గేటు తీయగానే మొదలుపెడుతున్నాం. అప్పటికింకా చీకటే ఉంటుంది.