కొయ్య సామాను - గాలిలో తేమ

కొయ్య లేని ఇల్లు లేదు. గడప మొదలు దూలం వరకు, పీట మొదలు దేవుని రథం వరకు మనిషి బ్రతుకు కొయ్యతో ముడిపడి ఉంది. తిరువళ్ళూరులోను, 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణిలోను పాత తెలుగు ఇళ్ళలో భోషాణాలు, ఉయ్యాల బల్లలు, సొరుగుల బీరువాలు నేటికీ కనిపిస్తాయి. పట్టుబట్టలు, భూమి పత్రాలు, తాటాకు పుస్తకాలు భద్రపరచింది వీటిలోనే. అటువంటి వస్తువు ఒకసారి పగిలితే అంతటి చేవగల మాను మళ్ళీ దొరకడం కష్టం. దొరికినా తాతల నాటి చేతిపని తిరిగి రాదు.

కార్తికమాసంలో వానలు పట్టినప్పుడు బీరువా సొరుగు బిగుసుకుపోతుంది. ఎంత లాగినా రాదు. మే నెలలో కత్తిరి ఎండలు కాసేటప్పుడు అదే సొరుగు వదులై గలగలలాడుతుంది. భోషాణం మూతమీద సన్నని బీట కనిపిస్తుంది. వానలు రాగానే ఆ బీట మూసుకుపోతుంది. ఇందుకు కారణమేమిటి?

చెట్టును కొట్టినా, కోసి పలకలు చేసినా కొయ్యకు నీటితో ఉన్న సంబంధం తెగిపోదు. కొయ్యలోని సన్నని నాళికల గోడలు గాలిలోని తేమను పీల్చుకొంటాయి. గాలి పొడిగా ఉన్నప్పుడు ఆ తేమను విడిచిపెడతాయి. గాలిలో సాపేక్ష తేమ 40 శాతం ఉన్నప్పుడు కొయ్యలో ఉండే నీరు దాని ఎండు బరువులో సుమారు 8 శాతం. గాలి తేమ 80 శాతమై చాలా రోజులు నిలిస్తే కొయ్యలోని నీరు సుమారు 16 శాతానికి చేరుతుంది. తేమ పీల్చినప్పుడు కొయ్య ఉబ్బుతుంది, విడిచినప్పుడు కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు. వెడల్పులోనే ఎక్కువ. 60 సెంటీమీటర్ల వెడల్పుగల టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పులో 2 నుండి 4 మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

ఈ సంగతి పాత వడ్రంగులు అనుభవంతో గ్రహించారు. తలుపు చేసేటప్పుడు చుట్టూ చట్రం కట్టి, దాని లోపలి అంచున గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా నిలిపేవారు. పలకకు మేకు కొట్టేవారు కారు, బంక పూసేవారు కారు. వానకాలంలో ఉబ్బడానికి, ఎండకాలంలో ముడుచుకోవడానికి పలకకు చోటు ఉండేది. అందుచేతనే అనేక తలుపులు నూరేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు.

చోటు లేనప్పుడే ముప్పు. నాలుగు వైపులా బిగించిన పలక తేమకు ఉబ్బితే ఎటూ జరగలేక తనలోనే నలుగుతుంది. ఆరిన తరువాత మొదటి కొలతకంటె చిన్నదవుతుంది. అప్పుడు బీట తప్పదు. మార్పు ఎంత వేగంగా జరిగితే హాని అంత ఎక్కువ. పైపొర ముందుగా ఆరి ముడుచుకొంటుంది, లోపలి పొర ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగుడుకు పైపొర చిట్లుతుంది.

దీనికి ఒక నిదర్శనం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, లండన్ నగరంలోని నేషనల్ గ్యాలరీ తన చిత్రాలను వేల్స్ దేశంలోని మానడ్ అనే పలకరాతి గనిలో దాచింది. వాటిలో చాలా పాత చిత్రాలు కొయ్య పలకలమీద వేసినవి. గనిలో వేడి, తేమ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేటట్లు చూశారు. లండన్‌లో ఏటేటా కనిపించే పెచ్చులూడడం అక్కడ దాదాపు ఆగిపోయింది. 1945లో చిత్రాలు తిరిగి వచ్చిన పిదప ఆ బాధ మళ్ళీ మొదలైంది. కొయ్యకు కావలసింది నిలకడ అని దీనివలన తేటపడింది.

తిరుత్తణిలో వేసవి వేడి తరచు 40 డిగ్రీలు దాటుతుంది. తరువాత ఈశాన్య ఋతుపవనాల వానలు వస్తాయి. ఋతువు మెల్లగా మారుతుంది కనుక పాత కొయ్య ఈ తేడాకు చాలావరకు తట్టుకొంటుంది. పల్లెటూరి మట్టిగోడల ఇంట్లో ఉన్న భోషాణాన్ని ఒక్కసారిగా చెన్నైలోని ఏ.సి. గదికి చేర్చినప్పుడే చిక్కు. ఏ.సి. యంత్రం గాలిలోని తేమను లాగివేస్తుంది. నెలల్లో రావలసిన మార్పు కొద్ది రోజులలోనే వస్తుంది. అందువలన అటువంటి వస్తువును ముందు కొన్ని వారాలపాటు ఏ.సి. లేని గదిలో, నూలు గుడ్డ కప్పి ఉంచాలి. ఆ తరువాత కూడా చల్లగాలి నేరుగా తగిలే చోట పెట్టరాదు.

ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు కష్టమైనవి కావు. వస్తువును గోడకు ఆనించక జానెడు ఎడంగా ఉంచాలి. కాళ్ళ క్రింద రాతి పలకలు పెడితే నేలలోని చెమ్మ ఎక్కదు, చెదలు పట్టినా మట్టిదారి కంటబడుతుంది. కిటికీ ఎండ సూటిగా పడనీయరాదు. తడిగుడ్డతో తుడవరాదు. పాలిథిన్ కాగితం కప్పితే లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. మెరుగునూనె తేమ రాకపోకలను మందగింపజేస్తుందే గాని పూర్తిగా ఆపలేదు. దానిని పైభాగానికి మాత్రమే పూస్తే పలక వంగవచ్చు. అడుగుభాగానికి కూడా పూయాలి.

ముఖ్యమైన మాట మరొకటి ఉంది. వేసవిలో బీట కనిపించగానే గట్టి లప్పం కూరరాదు. వానకాలంలో పలక ఉబ్బినప్పుడు ఆ లప్పమే అడ్డుపడి ప్రక్కన కొత్త బీట తెస్తుంది. వానకాలంలో సొరుగు బిగిసిందని చిత్రిక పట్టరాదు. వేసవి వచ్చేసరికి అది మరీ వదులవుతుంది. చెక్కివేసిన కొయ్య తిరిగి అతకదు. ఒక ఏడాదిపాటు ఆ వస్తువు పోకడను గమనించి, తెలిసిన వడ్రంగికి చూపి, అప్పుడు మరమ్మతు చేయించడమే మేలు.

పెద్దలు ఇచ్చిన వస్తువును కాపాడడమంటే దానిని తాళం వేసి దాచడం కాదు. దాని స్వభావాన్ని తెలిసికొని మెలగడం. తొందరపడి చేసిన బాగు కంటె ఓపికతో చూసిన చూపు కొయ్యకు ఎక్కువ ఆయుష్షు ఇస్తుంది.