యంత్రవిద్యాలయమున భాషాధ్యయనము

కామారెడ్డిలోగాని, ఎల్లారెడ్డిలోగాని పిల్లలు ఇంజనీరింగు చదివెదమన్న ఇంటివారు సంతోషింతురు, భాషాశాస్త్రమన్నచో, "అది తిండి పెట్టునా?" అని అడుగుదురు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసివేయము. అయితే ఈ రెండు చదువులును ఒక్కచోట కూడిన విద్యాలయము హైదరాబాదులోనే కలదు.

1998లో నెలకొన్న ఐ.ఐ.ఐ.టి.లో మరుసటి యేడే భాషాసాంకేతిక పరిశోధన కేంద్రము ఏర్పడినది. కంప్యూటరు శాస్త్రముతోపాటు భాషాశాస్త్రమును అచ్చట అభ్యసింపవచ్చును. ఆ కేంద్రమున పనిచేసిన వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు పాణిని కారకసిద్ధాంతమును యంత్రానువాదమునకు ఆధారము చేసికొనిరి. దానిని వివరించు వారి గ్రంథము 1995లోనే వెలువడినది.

"రామునికి ఆకలి వేసినది" అను వాక్యమును చూడుడు. హిందీలోను ఇంచుమించు ఇట్లే అందురు. ఇంగ్లీషులోనో, రాముడే కర్తయై కూర్చుండును. మన 'కి' మాయమగును. మాటకు మాట పేర్చు యంత్రము ఇచ్చటనే బోల్తాపడును. ఆకలిగొన్నది ఎవరో ముందు తేలవలెను.

ఎల్లారెడ్డి రైతు "ఏడికి పోతున్నవ్" అనును. జుక్కల్ వైపు మరాఠీ, కన్నడములును వినవచ్చును. అచ్చుపుస్తకముల తెలుగే నేర్చిన యంత్రమునకు ఈ పలుకు అందదు. రైతు ఫోనులో ధాన్యపు ధర అడిగినను అది తెల్లబోవును. ఆ పలుకును పుట్టుకతో ఎరిగినవారు ఈ ఊళ్ల పిల్లలే. కాని ఆ తరగతిలో చేరుటకు తెలుగు మార్కులు చాలవు, గణితమును రావలెను.