పరుగు – పొరుగువారి కోసం



మన ఓపీకి వచ్చే షుగరు, బీపీ వారిని "రోజూ నడుస్తున్నారా?" అని అడిగితే, "నాలుగు రోజులు నడిచి మానేశాను సిస్టరు గారూ" అనేవారే ఎక్కువ. ఒంటరిగా ఊరికే నడవాలంటే ఎవరికైనా విసుగే.

లండన్‌లో ఐవో గోర్మ్‌లీ అనే ఆయనకూ జిమ్ము అంటే విసుగు. అందుకని ఒక పెద్దాయన ఇంటికి పరుగున వెళ్ళి, దినపత్రిక ఇచ్చి, పలకరించి, తిరిగి పరుగున వచ్చేవాడు. 2008-09 ప్రాంతంలో దాని నుండే 'గుడ్‌జిమ్' సంస్థ పుట్టింది. దాని సభ్యులు గుంపుగా పరుగెత్తి వెళ్ళి, ఊరి ఉమ్మడి తోటల్లో కలుపు తీస్తారు, ఎరువు మోస్తారు.

పిల్లలు విశాఖలోనో, హైదరాబాదులోనో ఉండగా ఒంటరిగా మిగిలిన పెద్దలు మన నర్సీపట్నంలోనూ ఉన్నారు. నలుగురు కలిసి చురుకుగా నడిచి వెళ్ళి, వారి పెరట్లో బెండ, వంగ, తోటకూర వేసి రండి. వారికి కూర, పలకరింపు, మీకు వ్యాయామం. ఒకరు ఎదురు చూస్తున్నారంటే మానబుద్ధి కాదు.

వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే రోజుకు అరగంట, ఐదు రోజులు.

జాగ్రత్తలు:
• షుగరు ఉన్నవారు వట్టి కాళ్ళతో మట్టిలో దిగవద్దు. ఇంటికి రాగానే పాదాలు కడిగి, అరికాళ్ళు చూసుకోండి.
• ఇన్సులిన్ వాడేవారు జేబులో పంచదార ఉంచుకోండి.
• గుండె జబ్బు ఉంటే డాక్టరు గారిని అడిగాకే మొదలుపెట్టండి.
• ఎండ ముదరకముందే ముగించండి. ఛాతీ నొప్పి వస్తే ఆగి, వెంటనే ఆసుపత్రికి రండి.
• నడుస్తున్నాం కదా అని మాత్రలు మానకండి.

దేవుడు మీ పాదములకు బలము దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్